కలివికోడి: శాస్త్రజ్ఞులు మరచినది, పల్లె మరువనిది

కడప జిల్లా పక్షి కలివికోడిని గురించి వ్రాసిన వారందరూ కథను ఒకేచోట మొదలుపెడతారు. 1848లో బ్లైత్ అనే పండితుడు దానికి శాస్త్రీయ నామం పెట్టాడు, 1900లో అనంతపురం ప్రాంతంలో క్యాంబెల్ దానిని చూశాడు, ఆ తరువాత అది అంతరించిందని అనుకున్నారు, 1986లో మళ్ళీ "కనుగొన్నారు". ఈ నాలుగు వాక్యాలలోనూ తప్పు లేదు. కానీ ఆ చివరి క్రియాపదం దగ్గర నాకు పేచీ ఉంది. కనుగొన్నది ఎవరు? ఎవరికి కనబడకుండా పోయినది ఎవరికి కనిపించింది?

ఇంగ్లీషులో ఆ పక్షికి దక్కిన పేరు థామస్ జెర్డాన్‌ది. ఆయన మద్రాసు సైన్యంలో వైద్యుడు. కొంతకాలం నెల్లూరులో పని చేశాడు. అక్కడి యానాదులను అడిగి మూలికల గురించి, జంతువుల గురించి తెలుసుకునేవాడు. 1862-64 మధ్య వెలువడిన తన పక్షుల గ్రంథంలో చాలా పక్షులకు తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. కలివికోడికి ఆయన ఇచ్చిన తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరాలలోంచి కూడబలుక్కుంటే "అడవి ఉట తిత్తి" వంటిదేదో వస్తుంది. పలికినది ఏ ఊరివాడో, వ్రాసుకున్న చెవి ఎంతవరకు పట్టుకున్నదో గాని, ఒకటి మాత్రం నిశ్చయం: దొర వెళ్ళేసరికే ఆ పక్షికి ఇక్కడ పేరుంది. పేరుందంటే చూసినవాళ్ళున్నారు, మరొక పక్షితో పొరబడకుండా గుర్తుపట్టినవాళ్ళున్నారు.

20వ శతాబ్దిలో దానికోసం పలుమార్లు గాలింపులు జరిగాయి, ఫలితం లేకపోయింది. కారణం ఇప్పుడు వింటే నవ్వు వస్తుంది. ఉల్లంకి పిట్టలాగా నేలమీద పరుగెత్తే దాని బంధువులు పగలే తిరుగుతాయి గనుక దీనినీ పగలే వెదికారు. ఇదేమో రాత్రి సంచారి. పగలంతా పొద చాటున కదలక కూర్చుంటుంది. రాత్రిపూట దీపం పట్టుకుని చిట్టడవిలో వేటకు తిరిగేవాడికి తప్ప అది ఎదురుపడే అవకాశమే లేదు.

1980లలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం తరఫున వచ్చిన భరత్ భూషణ్ చేసిన మంచిపని, అడవికన్నా ముందు ఊళ్ళను వెదకడం. పక్షి బొమ్మలు చూపి జనాన్ని అడిగారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె ప్రాంతంలో ఒక స్థానిక వేటగాడు రాత్రివేళ ప్రాణంతో ఉన్న పక్షినే పట్టి తెచ్చాడు. పాపం, ఆ పక్షి కొద్దిరోజులకే చనిపోయింది. 86 ఏళ్ళ నిశ్శబ్దం అలా ముగిసింది. 1988లో తపాలాబిళ్ళ వచ్చింది. మనలో చాలామంది ఆ పిట్టను మొదట చూసినది దానిమీదనే.

తరువాతి కథలోనే అసలు చిక్కు. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఈ పక్షి కోసమే ఏర్పడింది. 2000 తరువాత పరిశోధకులు మెత్తని మట్టి పరచిన పట్టీలు వేసి, ప్రతి ఉదయం అడుగుల గుర్తులు పరిశీలించారు. వెనుకవేలు లేని మూడువేళ్ళ అడుగు కనబడితే రాత్రి అటుగా వెళ్ళిందని లెక్క. జాడ చూసి జంతువును చెప్పడం మన పశువుల కాపరులు అనాదిగా చేస్తున్న పనే. దానికి నోటుపుస్తకం తోడైంది, అంతే. తేలినదేమంటే, ఈ పక్షికి దట్టమైన అడవీ వద్దు, బోడినేలా వద్దు. హెక్టారుకు 300 నుంచి 700 వరకు పెద్ద పొదలుండి, మధ్య ఖాళీ ఉండాలి. మేకలు మేసి, కట్టెలు కొట్టి, మనుషులు తిరిగిన చిట్టడవి కొంతవరకు అలాగే ఉంటుంది. కంచె వేసి మనిషిని తరిమేస్తే పొదలు కమ్ముకుంటాయి, వదిలేస్తే పొలాలవుతాయి.

పొలాలే అయ్యాయి చాలాచోట్ల. తెలుగుగంగ కాలువ ఆ పక్కనుంచే వెళ్ళింది. 2005లో పక్షి తిరిగే చోటనే తవ్వకం మొదలై, అభ్యంతరాలు వచ్చి, చివరకు మార్గం మార్చవలసి వచ్చింది. కాలువను తిట్టడానికి నాకు నోరు రాదు. సీమలో నీటి విలువ తెలియనివాడే ఆ పని చేయగలడు. కానీ నీరు వచ్చిన తరువాత ఏ పొద ఎప్పుడు పోయిందో, కూత ఏ ఏడు ఆగిందో, ఊళ్ళో ఎవరైనా వ్రాసి పెట్టుకున్నారా?

వ్రాయమని చట్టం ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ఏర్పడే స్థానిక కమిటీలు ప్రజలను సంప్రదించి జీవవైవిధ్య రిజిస్టరు తయారుచేయాలి. హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31ని గడువుగా పెట్టి, దాటితే జరిమానా అన్నాక దేశమంతటా రిజిస్టర్లు గబగబా పూర్తయ్యాయి. గడువు కోసం నింపిన పట్టికలో "కలివికోడి" అనే పేరు పడుతుంది. ఫలానా గుట్ట కింద, ఫలానా వాన తరువాత, పొద్దుగూకిన కాసేపటికి కూసేది అన్న మాట పడదు. ఆ మాట తెలిసిన తరం వయసు మీరుతున్నది. వేట నిషేధమైన కాలంలో రాత్రి అడవిలో తిరిగిన సంగతి అధికారికి ఎవరు చెప్పుకుంటారు?

2000ల చివరి నుంచి చాలా ఏళ్ళు ఆ పక్షి జాడ దొరకలేదు. 2025 ఆగస్టులో కడప జిల్లాలో దాని కూత తిరిగి రికార్డయింది. ఈసారీ పత్రికలు "మళ్ళీ కనుగొన్నారు" అనే వ్రాశాయి.