చాప దించి మోటారు కట్టిన పడవ

మంగళగిరి గాలిగోపురం పనిని రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు మొదలుపెట్టించింది 1807లో. ఆ ఏడే అమెరికాలో హడ్సన్ నది మీద రాబర్ట్ ఫుల్టన్ ఆవిరి పడవ ప్రయాణికులను ఎక్కించుకుని బయల్దేరింది. గోపురం రెండేళ్లలో లేచింది. ఆవిరి సంగతి మాత్రం కృష్ణ ఒడ్డుకు చేరడానికి చాలా కాలం పట్టింది. అప్పటికి మన పడవ కదలాలంటే ఉన్నవి నాలుగే: తెరచాపలో గాలి, తెడ్డు, గడ, ఒడ్డున నడుస్తూ తాడు లాగే మనిషి.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక ఈ నాలుగింటికీ చేతినిండా పని దొరికింది. సీతానగరం దగ్గర కాలువలోకి దిగిన పడవ దుగ్గిరాల లాకులు దాటి, కొమ్మమూరు కాలువ వెంట పెదగంజాం చేరేది. అక్కడ అందుకునే బకింగ్‌హామ్ కాలువ మద్రాసు దాకా ఉంది. ధాన్యం, ఉప్పు, వంటచెరకు అన్నీ ఆ దారినే. గాలి కలిసొస్తే చాప ఎత్తేవారు. ఎదురైతే ఒకరు చుక్కాని దగ్గర మిగిలి, తక్కినవాళ్లు గట్టెక్కి తాడు భుజాన వేసుకునేవారు. ఆనకట్ట కట్టించిన దొరల పేర్లు మనకు కంఠస్థం. ఈ తాడు లాగిన వాళ్ల పేరు ఒక్కటీ మనం దాచుకోలేదు. నన్ను ఎప్పుడూ బాధించే విషయమిది.

పడవ వెనక తగిలించి, పని కాగానే విప్పి ఇంటికి మోసుకుపోగల మోటారును అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ అమ్మకానికి తెచ్చింది 1909లో. బలం ఒకటిన్నర హార్స్‌పవర్, బరువు 28 కిలోలు. చిన్న పడవలకు అది చాలింది. మన తీరంలో తెప్పలకూ నావలకూ ఇంజిన్లు కట్టడం ఊపందుకుంది ఆ తర్వాత చాలా దశాబ్దాలకు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా బంగాళాఖాత కార్యక్రమాన్ని ప్రారంభించి చిన్న పడవల మీద ప్రయోగాలు చేయించింది.

ఇంజిను వచ్చిందంటే ఇంకా పెద్దది కావాలనిపిస్తుంది. ఆ కోరికలో తప్పు లేదు. పాటు వేళ నదీముఖంలో ఎదురు నీటికి నిలవాలి, పొద్దెక్కకముందే చేప ఒడ్డు చేరాలి. కానీ తెరచాప కోసం చేసిన పడవకు పొట్ట లోతు. అది నీటిని చీల్చుకుని వెళ్లేదే తప్ప నీటి మీద జారేది కాదు. ముందొక అల, వెనకొక అల లేపుకుని ఆ రెండింటి మధ్య ఇరుక్కుంటుంది. పంతొమ్మిదో శతాబ్దంలో విలియం ఫ్రూడ్ నమూనా పడవలను నీటితొట్టిలో లాగి చూపించిన సత్యమిది. నీటిమట్టం దగ్గర పడవ పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో హెచ్చిస్తే దాని హద్దు నాట్‌లలో వస్తుంది. పదహారు అడుగుల పడవకు అది 5.4 నాట్‌లు, అంటే గంటకు పది కిలోమీటర్లు. ఆ పడవకు ఎనిమిది బదులు పదిహేను హార్స్‌పవర్ కడితే ఏమవుతుంది? అణియం (ముందు కొస) లేస్తుంది, అమరం (వెనక భాగం) కుంగుతుంది, నూనె తాగుతుంది. వేగం మాత్రం దాదాపు అక్కడే.

నార్వే నౌకాశిల్పి ఓయ్‌విండ్ గుల్‌బ్రాండ్సన్ 1986లో బంగాళాఖాత కార్యక్రమం కోసం చిన్న పడవల ఇంధన ఖర్చు తగ్గించడంపైనే ఒక పుస్తకం రాశారు. వేగం కొంచెం తగ్గిస్తే ఖర్చు బాగా తగ్గుతుందన్నది అందులో ముఖ్యమైన మాట. నలభై ఏళ్లవుతున్నా ఆ మాట మన రేవుల్లో ప్రతి పడవ యజమానికీ చేరలేదు. చేరవేయవలసింది రాయితీ మీద ఇంజిన్లు ఇచ్చే ప్రభుత్వాలే.

బరువు సంగతి మరీ ముఖ్యం. పదిహేను హార్స్‌పవర్ నాలుగు స్ట్రోకుల మోటారు యాభై కిలోల దాకా తూగుతుంది. అమరం చివర ఎప్పుడూ దిగకుండా కూర్చున్న మనిషి లాంటిదే అది. వెనక పలక పాతదైతే ఆ తోపుకు బీటలిస్తుంది. మోటారు కాడ పొట్టిదైతే కెరటం ఎత్తినప్పుడల్లా పంకా గాలిలో తిరుగుతుంది.

మోటారు మార్చదలచిన వారికి నా విన్నపం: ముందు పడవ పొడవు, బరువు, వెనక పలక ఎత్తు కొలిపించండి. వెడల్పు ఎక్కువ, మెలిక తక్కువ ఉన్న పంకా వేసి పాత మోటారునే ఒకసారి నడిపి చూడండి. అప్పటికీ చాలకపోతే పెద్దది కొనండి. ఏది కొన్నా తెరచాపనూ తెడ్డునూ మాత్రం పడవలోంచి దించకండి.