ఫ్లీ కాలర్

కుక్కల, పిల్లుల మెడకు కట్టే మందు పట్టీ. ప్లాస్టిక్‌లో కలిపిన పురుగుమందు నెలల తరబడి కొద్దికొద్దిగా బయటికొస్తూ, రెక్కల్లేకుండా గెంతి రక్తం పీల్చే ఫ్లీలను చంపుతుంది. కొన్ని రకాలు పిడుదులనూ చంపుతాయి.

చరిత్ర: 1960ల అమెరికాలో ఇది పుట్టింది. గదిలో వేలాడదీస్తే దోమలు, ఈగలు చచ్చేలా షెల్ కంపెనీ డైక్లోర్‌వాస్ నింపిన ప్లాస్టిక్ పట్టీలు అమ్మింది. ఆ ఏర్పాటే చిన్నదై కుక్క మెడకెక్కింది. డైక్లోర్‌వాస్ అంటే మన రైతులకు నువాన్ పేరుతో బాగా తెలిసిన మందే. నరాల్లో ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును అది అడ్డుకుంటుంది. ఆ ఎంజైము కుక్కకూ, దాన్ని నిమిరే మనిషికీ ఉంటుంది కాబట్టి చిక్కు మొదటి నుంచీ ఉన్నదే. పైగా పట్టీ నుంచి వచ్చే ఆవిరి మెడ దగ్గర పనిచేసినంతగా తోక దగ్గర పనిచేసేది కాదు. 2018లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వుతో 2020 చివరి నుంచి మన దేశంలో డైక్లోర్‌వాస్‌పై నిషేధం ఉంది.

తర్వాత వచ్చిన ప్రొపాక్సర్ ఒకప్పుడు బొద్దింకలకు కొట్టిన బేగాన్‌లోని మందు. కాలర్ కట్టిన కుక్కను తాకి, చేతులు నోట్లో పెట్టుకునే పసిపిల్లల లెక్కతో అమెరికా పర్యావరణ సంస్థ 2014లో తయారీదార్లను ఒప్పించి, అక్కడ ఆ కాలర్లను క్రమంగా ఆపించింది. మన దేశంలో ప్రొపాక్సర్, ఫ్లుమెత్రిన్ కలిపిన కిల్టిక్స్ కాలర్ పెంపుడు జంతువుల దుకాణాల్లో పేరున్నదే.

మూడో తరం 2012లో అమెరికాలో అనుమతి పొందిన సెరెస్టో. ఇందులో ఫ్లుమెత్రిన్‌తో పాటు ఇమిడాక్లోప్రిడ్ ఉంది. పత్తికి, వరికి కాన్ఫిడార్ కొట్టిన రైతుకు ఆ పేరు కొత్త కాదు. మందు చర్మంపై నూనెతో ఒళ్లంతా పాకుతుంది, ఎనిమిది నెలలు నిలుస్తుంది. 2021లో జంతువుల మరణాల ఫిర్యాదులపై పత్రికల్లో దుమారం రేగింది. సమీక్ష తర్వాత 2023లో అమెరికా పర్యావరణ సంస్థ షరతులు పెట్టి అమ్మకాలు సాగనిచ్చింది. ఈ వరస చూస్తే కాలర్ చరిత్ర సగం పురుగుమందుల కొట్టులోని అరల చరిత్రే అనిపిస్తుంది.

మెదక్ ప్రాంతంలో: కుక్కల పక్కనే మేకలు, గొర్రెలు ఉండే హవేలిఘనపూర్ లాంటి చోట కాలర్ ఒక్కటే చాలదు. భారతదేశంలో విరివిగా కనిపించే ఓరియెంటిస్ జాతి ఫ్లీ కుక్కల మీదే కాక మేకలు, గొర్రెల మీదా బతుకుతుంది. గుడ్లు ఒంటిమీద నిలవవు, నేలమీద రాలిపోతాయి. పిల్లపురుగులు దుమ్ములో, పెంటలో పెరిగి గూళ్లు అల్లుకుంటాయి. మందు తగిలేది ఒంటిమీదున్న పెద్ద పురుగులకు, అంటే మొత్తంలో కొద్ది భాగానికే. మెదక్ ఎండల్లో బయటి పిల్లపురుగులు ఎండిపోతాయి. 35 డిగ్రీలు దాటి గాలి పొడిగా ఉంటే అవి నిలవలేవు. అయితే మట్టినేల కొట్టంలో, నీడలో, తడి మూలల్లో తప్పించుకున్నవి వానాకాలంలో పుంజుకుంటాయి. అందుకే కుక్కకు కాలర్ కట్టిన రోజే కొట్టం ఊడ్చి, పెంట తీసి, పక్కనున్న మేకలకూ పశువైద్యుడు చెప్పిన మందు వాడాలి.

పశువుల ఒంటికి పట్టించే బ్యూటాక్స్‌ను పిల్లికి పూయడం ప్రమాదం. దానిలోని డెల్టామెత్రిన్ లాంటి పైరెథ్రాయిడ్లను పిల్లి శరీరం సరిగా విరగ్గొట్టలేదు. వణుకు, మూర్ఛలు వస్తాయి. కుక్క కాలర్‌ను పిల్లికి కట్టకూడదని డబ్బాపై రాసేదీ ఇందుకే.

కట్టేటప్పుడు కాలర్‌కూ మెడకూ మధ్య రెండు వేళ్లు పట్టాలి. మిగిలిన కొసను కత్తిరించేయాలి. లేదంటే తోటి కుక్క దాన్నే కొరుకుతుంది.

కాలర్ కొనేది ఫ్లీల కోసమే కాదు, పిడుదుల కోసం కూడా. గోధుమరంగు కుక్క పిడుదు ద్వారా వచ్చే ఎర్లీకియా జ్వరం వస్తే రక్తకణాలు పడిపోయి కుక్క నీరసించిపోతుంది. కాలర్ కొనేముందు డబ్బాపై పిడుదుల మాట ఉందో లేదో చూసుకోవాలి.