చంటిబిడ్డ నెత్తుకొను చేతులు

విశాఖ మన్యమున డుంబ్రిగుడ నుండి చాపరాయికి పోవు త్రోవలో, చోడిచేల గట్లపై, తొమ్మిదేండ్లు మించని బాలిక యొకతె తన తమ్ముని పాతచీర పేలికతో నడుమునకు బిగించి కట్టుకొని, ఒక చేత మేకల నదలించుచు, రెండవ చేత వాని గడ్డముపై కారిన అంబలిని తుడుచుచుండుట కనబడినప్పుడెల్ల, బిడ్డల పెంపకమును గూర్చి నూరేండ్లుగా పండితులు వ్రాసిన గ్రంథములలో ఈ పిల్లకు చోటెక్కడనో యని నాకు తోచుచుండును. తల్లి వేకువనే కొండమీది పోడునకో, కాఫీతోటలో కూలికో పోయినది. అవ్వ గుమ్మమున కూర్చుండి కొండచీపుర్లు కట్టుచున్నది. పొద్దు గూకునందాక బిడ్డకు అక్క చంకయే యిల్లు.

ఇడుమల నడుమ పెరుగు బిడ్డలను గూర్చిన మనస్తత్త్వశాస్త్రము తొలుత తల్లి నొక్కతెనే చూచినది. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఇల్లు వాకిలి లేని శిశువుల మనఃస్థితిని విచారింపుమని ప్రపంచ ఆరోగ్యసంస్థ కోరగా, ఆంగ్లదేశీయుడైన వైద్యుడు జాన్ బౌల్బీ 1951లో వెలువరించిన నివేదికలో, దేహమునకు పోషకములెట్లో శైశవమున మనస్సునకు మాతృప్రేమ యట్టిదని ఉద్ఘాటించెను. శరణాలయములలో దాదుల చేతులు మారుచు పెరిగెడి అనాథలకు దీనివలన మేలే జరిగినది. కాని పొట్టకూటికై పనికి పోవు తల్లిపై నింద మోపుటకును ఆ మాటయే కొందఱికి ఊతమైనది. తల్లి కొంతకాలము ఎడబాయుట వేఱు, ఎవ్వరితోను బంధమే ఏర్పడకపోవుట వేఱు, ఇంట నిత్యకలహము వేఱని 1972లో మైకేల్ రట్టర్ విడదీసి చూపువఱకు ఈ చిక్కు వీడలేదు.

బౌల్బీతో పనిచేసిన మేరీ ఎయిన్స్‌వర్త్ 1954-55లో ఉగాండాకు పోయి, కంపాలా చెంత పల్లెలలో 26 కుటుంబముల యిండ్లకు మాటిమాటికి వెళ్లి, పసిపిల్లలు తల్లి యొడి విడిచి నాలుగడుగులు ప్రాకి, వెనుదిరిగి చూచి, ఆమె యున్నదని తెలిసికొని మరల ముందునకు సాగుటను శ్రద్ధతో గమనించెను. ఆమెకు పేరు తెచ్చినది మాత్రము అటుపిమ్మట అమెరికాలో ఒక గదిలో జరిపిన పరీక్ష! పల్లెవాకిట దొరకిన యెఱుకకు ప్రయోగశాల ముద్ర పడినగాని విలువ రాకుండుట విద్యాలోకమునకు పాత అలవాటే.

హవాయి దీవులలోని కవాయిలో 1955లో జన్మించిన 698 మంది శిశువులను ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ దశాబ్దములపాటు వెంబడించిరి. పేదరికము, పురిటికష్టములు, తల్లిదండ్రుల జబ్బులు, కలహములు ఇత్యాదులలో పెక్కింటికి గుఱియైన 201 మందిలో 72 మంది చక్కగా పెరిగి కార్యదక్షులైరి. వీరికి తోడ్పడిన వేవి యని వెదకగా, తాతయో, అవ్వయో, అక్కయో, ఇరుగుపొరుగు పెద్దయో, బిడ్డ నాదరించిన మనిషి యొకరు కనబడిరి. 1982లో వెలువడిన వారి గ్రంథములో మన చోడిచేని గట్టుమీది అక్కకు తుదకు కొంత తావు దొరకినది. అట్లని ఆమె బ్రదుకును కీర్తించుటకు నాకు నోరు రాదు. తమ్ముడు చంకనెక్కిన దినమున ఆమె పలక గూటిలోనే మిగులును.

ఇంతవఱకు ఆదరణ మాటయే; ఆకలి మాట తెలుగునేల నుండి వచ్చినది. కూనూరు నుండి 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, పిదప జాతీయ పోషకాహార సంస్థగా పేరు దాల్చిన పరిశోధనాలయమున, చంపకం, శ్రీకంటియ్య, గోపాలన్ అనువారలు 1968లో ఒక చిన్న పరిశీలనను ప్రకటించిరి. ఏడాదిన్నర మొదలు మూడేండ్ల ప్రాయములో ఒడలు వాచి, జుట్టు రంగు మాఱి, క్వాషియోర్కర్ వ్యాధిచే చికిత్స పొందిన 19 మంది బిడ్డలను, ఎనిమిది మొదలు పదునొకండేండ్ల వయసున మరల పిలిపించి, సాంఘికస్థితిలో తమతో సరితూగు పిల్లల ప్రక్కన నిలిపి బుద్ధిని పరీక్షింపగా, చూచి గ్రహించుటలోను, ఊహించి తెలియుటలోను వెనుకబాటు విశదమైనది. వాపు తీసినది, జాడ మిగిలినది. అయితే ఆ కొఱత కూటిదా, కూటితోపాటు కఱవైన మాటది, ఆటది కూడనా?

దీనికి సమాధానము జమైకాలో లభించినది. కింగ్‌స్టన్ నగరమున ఎదుగుదల కుంటుపడిన 129 మంది బిడ్డలతో 1986-87లో సాలీ గ్రాంథం-మెక్‌గ్రెగర్ ఆరంభించిన ప్రయోగములో, కొందఱికి పాలపొడి, కొందఱికి వారమున కొక గంట ఇంటికి వచ్చి పాతడబ్బాలతో చేసిన బొమ్మలతో తల్లిచే ఆడించు కార్యకర్త, కొందఱికి రెండును లభించెను. తిండి యొకవంక, ఆట యొకవంక మేలు చేయగా, రెండును కలిసినచోట లాభము హెచ్చినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో షహనాజ్ వజీర్ బృందము 60 గ్రామములలో ఇట్టి బోధనే పరీక్షించి, ఏమి పెట్టవలెనో చెప్పుటతోపాటు బిడ్డ సైగ గుర్తెఱిగి తినిపించుట, ఆడించుట నేర్పిన పల్లెలలో పసివారి మానసిక వికాసము మెఱుగయ్యెనని 2013లో ప్రకటించెను.

మఱి కొండబిడ్డ సంగతి? 2002లో ఆరంభమై తెలుగుదేశమున సుమారు 3,000 మంది పిల్లలను ఏండ్ల తరబడి అనుసరించిన యంగ్ లైవ్స్ అధ్యయనము ఎంచుకొనిన జిల్లాలలో, అప్పుడీ కొండలుండిన విశాఖ లేదు. ఒకవేళ ఉన్నను, ఇంట ఆదివాసి ఒడియాయో, కువియో మాటలాడు బిడ్డకు తెలుగులో బొమ్మ చూపి పేరడిగినచో, ఆ మౌనమును మందబుద్ధిగా లెక్కించు ప్రమాదము లేకపోలేదు. ఐనను బిడ్డ యున్న చోటికే పోయినవారును కలరు. బొంబాయికి ఉత్తరమున కోస్బాడ్ కొండలలో వార్లీ బిడ్డలను బడికి రమ్మనక, వారి వాకిళ్లకే బడిని కొనిపోయిన తారాబాయి మోదక్ చేతిలో ఆకృతి దాల్చిన అంగన్‌వాడీయే, 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో దేశవ్యాప్త పథకముగా మొదలైనది; ఆ పేరు ఇన్నేండ్లకు ఈ కొండలకును చేరినది.

బరువు చూచు దినమున ఆ బాలికయే తమ్ముని తెచ్చును. టీచరమ్మ వానిని పేలిక విప్పి తూకపు సంచిలో దింపగానే, కాళ్లు తన్నుచు, బావురుమని ఏడ్చుచు, వాడు రెండు చేతులు చాచునది అక్క వైపునకే.