అయిదు రంధ్రాల ఒప్పందం

ఒక ఏపీఐ ఖరారు కావాలంటే మన ఆఫీసుల్లో ఎన్ని మీటింగులు అవుతాయో మీకు తెలియంది కాదు. అదీ ఒకే కంపెనీలో, ఒకే మేనేజరు కింద పనిచేసే రెండు టీముల మధ్య! అలాంటిది, ఒకళ్ళ మార్కెట్ ఒకళ్ళు లాక్కునే కంపెనీలు, కొన్ని అమెరికాలో, కొన్ని జపాన్‌లో ఉండి, రెండేళ్ళలో ఒక ప్రోటోకాల్ తేల్చేశాయి. పైగా లైసెన్సు ఫీజు లేకుండా ఊరికే ఇచ్చేశాయి. 1983లో వచ్చిన ఆ వెర్షన్ 1.0 ఇవాళ్టికీ నడుస్తోంది. దాని పేరు మిడి. సింథసైజర్ వెనకాల అయిదు రంధ్రాలతో గుండ్రంగా ఉండే సాకెట్ చూశారా? అదే.

అంతకుముందు పరిస్థితి ఏమిటంటే, 1970ల్లో సింథసైజర్లు వోల్టేజీతో మాట్లాడుకునేవి. మూగ్ పద్ధతిలో ఒక వోల్టు పెరిగితే ఒక ఆక్టేవ్ పెరుగుతుంది, అంటే సా నుంచి పై సాకి వెళ్తాం. యమహా, కోర్గ్ పద్ధతిలో అలా పైకి వెళ్ళాలంటే వోల్టేజీ రెట్టింపు కావాలి. దీని వైరు తీసుకెళ్ళి దానికి తగిలిస్తే వచ్చేది అపస్వరమే. పోనీ డిజిటల్ వచ్చాకైనా బాగుపడ్డారా అంటే అదీ లేదు. రోలాండ్‌ది ఒక దారి, ఓబర్‌హైమ్‌ది ఇంకో దారి. యూనికోడ్ రాకముందు తెలుగు సైట్లు ఒక్కోదానికీ ఒక్కో ఫాంటు దించుకోవాల్సి వచ్చేది కదా, అచ్చం అలాగే.

1981 జూన్‌లో రోలాండ్ అధినేత ఇకుతారో కకెహాషి ఈ సంగతి టామ్ ఓబర్‌హైమ్ దగ్గర కదిపాడు. ఆయన దాన్ని సీక్వెన్షియల్ సర్క్యూట్స్ నడిపే డేవ్ స్మిత్ చెవిన వేశాడు. స్మిత్, ఛెట్ వుడ్ ఇద్దరూ కలిసి ఒక ప్రతిపాదన రాసి, అదే ఏడు నవంబరులో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ సమావేశంలో పెట్టారు. 1982 జనవరిలో అందర్నీ కూర్చోబెడితే అమెరికన్ కంపెనీల్లో చాలావాటికి ఆసక్తి చప్పబడింది. రోలాండ్, యమహా, కోర్గ్, కవాయ్ మాత్రం స్మిత్‌తో కలిసి పని సాగించాయి. 1983 జనవరిలో కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో జరిగిన నామ్ వాయిద్యాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ వాళ్ళ ప్రాఫెట్-600ని, రోలాండ్ వాళ్ళ జూపిటర్-6ని ఒక కేబుల్‌తో కలిపారు. ఒకదాని మీద వాయిస్తే రెండోది పలికింది. ఆగస్టులో స్పెసిఫికేషన్ బయటికొచ్చింది.

ఇంతకీ ఆ కేబుల్‌లో వెళ్ళేదేమిటి? చాలామంది శబ్దం అనుకుంటారు, కాదు. వెళ్ళేవి ఆదేశాలు మాత్రమే. "ఒకటో ఛానల్‌లో 60వ నంబరు కీని 100 బలంతో నొక్కారు" అన్న మాట 144, 60, 100 అనే మూడు బైట్లుగా వెళ్తుంది. ఆదేశం బైట్‌లో పై బిట్ 1, డేటా బైట్‌లో 0. అందుకే మిడిలో ఏ డేటా బైట్ చూసినా 0 నుంచి 127 దాకానే. వేగం సెకనుకు 31,250 బిట్లు. ఇదేం లెక్క అనిపిస్తుంది గానీ, ఒక మెగాహెర్ట్జ్ క్లాకుని 32తో భాగిస్తే వచ్చేది అదే. అప్పటి చిప్పులకి చాలా తేలిక. స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి బైట్‌కి 320 మైక్రోసెకన్లు, అంటే ఒక స్వరానికి సుమారు ఒక మిల్లీసెకను. పది వేళ్ళూ ఒకేసారి వేస్తే పదో స్వరం చేరేసరికి దాదాపు పది మిల్లీసెకన్లు. మళ్ళీ మళ్ళీ అదే ఆదేశమైతే మొదటి బైట్ ఎగ్గొట్టొచ్చన్న వెసులుబాటు వాడుకుంటే ఏడుకి దిగుతుంది.

ఇంకో తెలివి: అందుకునే వైపు ఒక ఆప్టో-ఐసొలేటర్ పెట్టారు. వచ్చిన కరెంటు ఒక చిన్న ఎల్ఈడీని వెలిగిస్తుంది, అవతలి సర్క్యూట్ ఆ వెలుగుని చదువుకుంటుంది. రెండు పెట్టెల ఎర్త్‌లు కలవవు కాబట్టి స్పీకర్లలో గుయ్‌మనే రొద ఈ దారిన రాదు.

ఇంత తెలిస్తే కనెక్షన్ నల్లేరు మీద నడకే. వాయించే కీబోర్డు అవుట్ నుంచి పలకాల్సిన దాని ఇన్‌కి ఒక కేబుల్. మూడోది ఉంటే రెండోదాని త్రూ నుంచి దాని ఇన్‌కి. గొలుసు మరీ పొడుగైతే సిగ్నల్ పాడవుతుంది, అప్పుడు త్రూ బాక్స్ వాడాలి. రెండు వైపులా ఛానల్ నంబరు ఒకటే ఉండాలి, మొత్తం 16 ఛానళ్ళు. శబ్దం కోసం ఆడియో కేబుల్ వేరేగా ఉండాల్సిందే. కంప్యూటర్‌తో కలిపినప్పుడు ఒక్కో స్వరం రెండుసార్లు పలుకుతుంటే కీబోర్డులో లోకల్ కంట్రోల్ ఆఫ్ చేసి చూడండి. ఇప్పటి కీబోర్డులు చాలావరకు యూఎస్‌బీతోనే కలుస్తాయి గానీ, ఆ వైరులోనూ వెళ్ళేది ఈ భాషే.

ఇదంతా బాగానే ఉంది. నన్ను ఆలోచింపజేసేది మాత్రం ఆ 60వ నంబరు. మిడి దృష్టిలో స్వరం అంటే పియానో కీ. నొక్కారు, వదిలారు, అంతే. మన తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలబడదు, ఊగుతుంది. ఆ ఊపే ఆ స్వరం. దానికి ఏ నంబరిస్తాం? పిచ్ బెండ్ ఉంది కదా అనొచ్చు. కీబోర్డు మీద గమకాలు పలికించేవాళ్ళు ఎడంచేత్తో తిప్పేది దాన్నే. కానీ వీణ మీద ఒక తీగ లాగితే మిగతా తీగలు వాటిపాటికి అవి ఉంటాయి. మిడి 1.0లో అది తిప్పితే ఆ ఛానల్‌లో పలికే స్వరాలన్నీ కట్టగట్టుకుని వంగుతాయి. ఒక్కో స్వరానికి ఒక్కో ఛానల్ ఇచ్చే ఎంపీఈ పద్ధతి అధికారికంగా వచ్చింది 2018లో. ఏ స్వరాన్నైనా విడిగా వంచే వీలున్న మిడి 2.0 వచ్చింది 2020లో. అంటే 35 ఏళ్ళ పైమాటే.

ఆ ఇంజనీర్లని తప్పు పట్టడం లేదు. వాళ్ళు అమ్మేవి పియానో కీబోర్డులు, వాటికి సరిపడా రాసుకున్నారు. అన్ని సంగీతాలకీ సరిపోయేది చేద్దామని కూర్చుంటే 1983లో ఏదీ వచ్చేది కాదు. చిన్నగా, చవగ్గా, ఉచితంగా ఉంది కాబట్టే అది బతికింది. ఆ పనికే కకెహాషి, స్మిత్‌లకి 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. ఇప్పుడు ఇద్దరూ లేరు (2017లో ఒకరు, 2022లో ఒకరు), వాళ్ళ ప్రోటోకాల్ ఉంది.

నేననేది ఒక్కటే. స్టాండర్డ్ రాసేటప్పుడు ఆ బల్ల దగ్గర లేనివాళ్ళ అవసరం వెర్షన్ 2 దాకా ఆగాల్సిందే. ఈ తేడా తెలుగు అక్షరాల విషయంలో ఒకసారి చూశాం, స్వరాల విషయంలోనూ చూశాం. ఇంత మంది తెలుగు ఇంజనీర్లం ఉన్నాం కదా... మనం వాడే స్టాండర్డ్‌ల డ్రాఫ్టులు మనలో ఎంతమంది చదువుతున్నాం?