రంగులను బట్టి గెలాక్సీల దూరం

గెలాక్సీ కాంతిని వేర్వేరు రంగుల ఫిల్టర్ల గుండా కొలిచి, ఆ కొలతల తేడాలను బట్టి దాని రెడ్‌షిఫ్టును, తద్వారా దూరాన్ని అంచనా వేసే పద్ధతిని ఫోటోమెట్రిక్ రెడ్‌షిఫ్ట్ అంటారు. విశ్వవ్యాకోచం వలన దూరపు గెలాక్సీల కాంతి తరంగదైర్ఘ్యం సాగి ఎరుపు వైపు జరుగుతుంది. దీనిని కచ్చితంగా కొలవడానికి వర్ణపటం తీయాలి. మసక గెలాక్సీకి వర్ణపటం తీయడానికి పెద్ద దూరదర్శినిపై కూడా గంటల సమయం పడుతుంది. ఫోటోలో మాత్రం వేల గెలాక్సీలు ఒకేసారి పడతాయి.

పద్ధతి

వయసు మళ్ళిన నక్షత్రాలతో నిండిన దీర్ఘవృత్తాకార గెలాక్సీలలో 4000 ఆంగ్‌స్ట్రామ్‌ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యం గల కాంతి హఠాత్తుగా తగ్గిపోతుంది. నక్షత్రాలలోని కాల్షియం మొదలైన లోహాలు ఆ కాంతిని పీల్చుకోవడమే ఇందుకు కారణం. రెడ్‌షిఫ్ట్ 0.5 అయితే ఈ మెట్టు 6000 ఆంగ్‌స్ట్రామ్‌ల వద్దకు జరుగుతుంది. అపుడు గెలాక్సీ నీలి ఫిల్టరులో మసకగాను, ఎరుపు ఫిల్టరులో ప్రకాశవంతంగాను కనబడుతుంది. మెట్టు ఏ ఫిల్టర్ల నడుమ ఉన్నదో తెలిస్తే రెడ్‌షిఫ్ట్ దాదాపు తెలిసినట్లే.

చరిత్ర

అమెరికా ఖగోళ శాస్త్రవేత్త విలియం బామ్ పాలోమార్ 200 అంగుళాల దూరదర్శినితో, తొమ్మిది ఫిల్టర్లు వాడి ఈ పద్ధతిని ప్రయోగించాడు. 3సి 295 గెలాక్సీ గుచ్ఛానికి 1962లో అతడు ప్రకటించిన విలువ 0.44, వర్ణపటం ద్వారా తెలిసినది 0.46. ఆనాటి పరికరాలకు ఇది గొప్ప ఫలితమే.

ఫిల్టర్లతో కాంతిని కొలవడం తెలుగునాట కొత్త కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం జపాల్-రంగాపూర్ వద్ద 1968లో నెలకొల్పిన 48 అంగుళాల దూరదర్శినితో జంట నక్షత్రాల వెలుగును ఇలాగే రంగుల వారీగా కొలిచారు. అయితే అవి మన పాలపుంతలోని నక్షత్రాలు.

2000లో మొదలైన స్లోన్ సర్వేలో యు, జి, ఆర్, ఐ, జెడ్ అనే అయిదు ఫిల్టర్లు వాడారు. దాని చిత్రాలలోని కోట్లాది గెలాక్సీలలో అధిక భాగానికి వర్ణపటాలు లేవు. వాటి దూరాలకు రంగులే ఆధారం.

గెలాక్సీ గుచ్ఛాలు

ఒక గుచ్ఛంలోని దీర్ఘవృత్తాకార గెలాక్సీలన్నిటి రంగు ఇంచుమించు ఒకటే. అనేక గెలాక్సీల సగటు తీసుకోవచ్చు కనుక విడి గెలాక్సీ దూరం కంటే గుచ్ఛం దూరం మెరుగ్గా తెలుస్తుంది.

పరిమితులు

రెడ్‌షిఫ్టులో 0.02 పొరపాటు జరిగితే, దగ్గరి గెలాక్సీల విషయంలోనే దూరం పాతిక కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా తప్పుతుంది. అంతకంటే ప్రమాదకరమైనది రంగు మోసం. ధూళి కప్పిన దగ్గరి గెలాక్సీ కూడా ఎర్రగానే ఉంటుంది. జేమ్స్ వెబ్ దూరదర్శిని చిత్రాలలోని సీర్స్-93316 అనే గెలాక్సీకి 2022లో రంగులను బట్టి సుమారు 16 రెడ్‌షిఫ్ట్ అంచనా వేశారు. విశ్వం పుట్టిన పాతిక కోట్ల సంవత్సరాల లోపే అది ఏర్పడిందని దాని అర్థం. 2023లో వర్ణపటం తీయగా అసలు విలువ 4.9 అని తేలింది. ధూళితో పాటు, అందులోని వేడి వాయువుల ప్రకాశ రేఖలు కొన్ని ఫిల్టర్లలో వెలుగును పెంచడం వలన ఈ పొరపాటు జరిగింది.