టెక్నికల్ రైటింగ్, స్ట్రక్చర్డ్ డాక్యుమెంటేషన్: చరిత్ర

యంత్రాన్నో సాఫ్ట్‌వేర్‌నో వాడేవారికి, మరమ్మతు చేసేవారికి కావలసిన సమాచారాన్ని రాసిపెట్టే వృత్తి టెక్నికల్ రైటింగ్. ఆ సమాచారాన్ని ముందే నిర్ణయించుకున్న చిన్న భాగాలుగా విడగొట్టి, ఏ భాగం ఏమిటో గుర్తుపెట్టి, కావలసిన చోటల్లా మళ్లీ వాడుకొనే పద్ధతి స్ట్రక్చర్డ్ డాక్యుమెంటేషన్. మొదటిది చాలా పాతది. రెండోది 1960ల చివర రూపుదిద్దుకుంది. విచిత్రమేమంటే, దాని మూలాలు కర్మాగారాల్లో కాదు, వకీళ్ల కాగితాల్లో ఉన్నాయి.

ఇంగ్లీషులో తొలి సాంకేతిక రచనగా చాలామంది చూపేది కవి జెఫ్రీ చాసర్ 1391లో ఆస్ట్రోలేబ్ అనే ఖగోళ పరికరం మీద రాసిన గ్రంథాన్ని. పదేళ్ల కొడుకు లూయిస్‌కు లాటిన్ అంతగా రాదు కాబట్టి, పండితుల భాష పక్కన పెట్టి వాడికి అర్థమయ్యే ఇంగ్లీషులో రాశాడు. చదివేవాడెవరో తేల్చుకొని రాయడమన్నది ఈ వృత్తికి అప్పటినుంచీ మొదటి సూత్రమే.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ రాతకు ప్రాణాల విలువ వచ్చింది. 1935 అక్టోబరు 30న అమెరికాలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ మోడల్ 299 బాంబర్ పైకి లేచిన కాసేపటికే కూలింది. నేల మీద ఉన్నప్పుడు గాలికి కదలకుండా రెక్కల, తోక భాగాలకు వేసే తాళాలు తీయడం సిబ్బంది మరచిపోయారు. విమానంలో లోపం లేదు, పైలట్లు అనుభవజ్ఞులే. గుర్తుంచుకోవలసినవి మరీ ఎక్కువయ్యాయి, అంతే. చెక్‌లిస్టు పైలట్ల చేతికి వచ్చింది ఆ తరవాతే. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, ఆపైన మాన్యువళ్ల అవసరం ఇంకా పెరిగింది. అమెరికా సైన్యం 1951లో మొదలుపెట్టిన ‘పీఎస్’ అనే మాసపత్రికలో కామిక్స్ కళాకారుడు విల్ ఐస్నర్ బొమ్మలతో వాహనాల, ఆయుధాల నిర్వహణ నేర్పించాడు. 1949లో బైనాక్ కంప్యూటర్‌కు జోసెఫ్ చాప్లిన్ మాన్యువల్ రాశాడు. కంప్యూటర్ల రంగంలో తొలి టెక్నికల్ రైటర్‌గా అతన్నే చెబుతారు.

1953లో బోస్టన్‌లో, న్యూయార్క్‌లో వేర్వేరుగా రచయితల సంఘాలు ఏర్పడ్డాయి. అవే కలిసి, పేర్లు మార్చుకుంటూ 1971 నాటికి సొసైటీ ఫర్ టెక్నికల్ కమ్యూనికేషన్ అయ్యాయి.

అసలు మలుపు 1967లో మొదలైంది. ఆ సెప్టెంబరులో కెనడా ప్రభుత్వ ముద్రణాలయంలో జరిగిన సమావేశంలో విలియం టన్నిక్లిఫ్ ఒక ప్రతిపాదన చేశాడు: పత్రంలోని విషయాన్ని, దాని రూపాన్ని వేరుచేయాలని. 1969లో ఐబీఎంలో చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ న్యాయవాద కార్యాలయాల కోసం ఒక వ్యవస్థ తయారుచేస్తున్నారు. పత్రాన్ని దిద్దే ప్రోగ్రాం, వెతికే ప్రోగ్రాం, అచ్చుకు అమర్చే ప్రోగ్రాం ఒకదాని గుర్తులు ఒకదానికి అర్థం కావు. ‘ఈ వరుసను మధ్యలో లావుపాటి అక్షరాల్లో వేయి’ అన్న ఆదేశం అచ్చు యంత్రానికి చాలు గాని, వెతికేదానికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. ‘ఇది శీర్షిక’ అని చెబితే ఎవరి పని వారు చేసుకోగలరు. అలా పుట్టిన ట్యాగుల భాషే జీఎంఎల్. ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు అందులో ఉన్నాయి. అదే పెరిగి 1986లో ఎస్‌జీఎంఎల్ పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది. దాన్ని తేలికచేసిన ఎక్స్‌ఎంఎల్ 1998 ఫిబ్రవరిలో వచ్చింది. ఇది యూనికోడ్ మీద ఆధారపడింది కాబట్టి తెలుగు పాఠమూ అవే ట్యాగుల్లో ఇబ్బంది లేకుండా ఒదుగుతుంది.

రూపం సంగతి అలా ఉండగా, విమానరంగం వాక్యాల మీద కూడా పట్టు బిగించింది. ఐరోపా విమాన తయారీదారులు 1986లో తెచ్చిన సింప్లిఫైడ్ ఇంగ్లీష్ ప్రకారం పని చెప్పే వాక్యంలో 20 మాటలు మించకూడదు, మాటకు వీలైనంతవరకు ఒకే అర్థం ఉండాలి. ఇంగ్లీష్ మాతృభాష కాని మెకానిక్ తడుముకోకూడదన్నదే ఉద్దేశం.

ఐబీఎం 2001లో ప్రకటించి, 2004లో ఒయాసిస్ అనే ప్రమాణాల సంస్థకు అప్పగించిన డిటా నేడు స్ట్రక్చర్డ్ డాక్యుమెంటేషన్‌కు బాగా వాడుకలో ఉన్న రూపం. ఇందులో అధ్యాయాలు ఉండవు, టాపిక్‌లు ఉంటాయి. భావన చెప్పేది ఒకటి, పని చెప్పేది ఒకటి, వివరాల పట్టిక ఒకటి. పని చెప్పే టాపిక్‌లో ముందుగా కావలసినవి, తరవాత మెట్లు, చివర ఫలితం. ఈ వరుస తప్పితే సాఫ్ట్‌వేరే ఒప్పుకోదు. ఒక కంపెనీ పన్నెండు రకాల పంపు మోటార్లు అమ్ముతోందనుకుందాం. ‘మూత తీసేముందు మెయిన్ ఆపండి’ అన్న హెచ్చరిక పన్నెండు మాన్యువళ్లలోనూ ఉండాలి. పాత పద్ధతిలో దాన్ని పన్నెండు ఫైళ్లలో అతికిస్తారు. మెయిన్ ఆపాక ఐదు నిమిషాలు ఆగాలని ఇంజనీరు తరవాత చెబితే, ఒక ఫైలైనా మిగిలిపోకుండా ఉండదు. డిటాలో ఆ హెచ్చరిక ఒక్కచోటే ఉంటుంది, మిగతావన్నీ దాన్ని అక్కడినుంచే తెచ్చుకుంటాయి. రైటర్లు దీన్ని కాన్‌రెఫ్ అంటారు. అయితే ఇది ఖర్చుతో కూడినది. ఒకే వస్తువు, ఇద్దరు రైటర్లు ఉన్నచోట ఇంత సరంజామా దండగ.

అందుకే చిన్న సాఫ్ట్‌వేర్ బృందాలు మరో దారి పట్టాయి. జాన్ గ్రూబర్ 2004లో విడుదల చేసిన మార్క్‌డౌన్ అనే తేలికపాటి గుర్తుల భాషలో రాసి, కోడ్‌తో పాటే మార్పుల చరిత్ర దాచే గిట్‌లో భద్రపరచి, ప్రోగ్రామర్ల లాగే రివ్యూకు పంపుతారు. సులువే, కానీ మార్క్‌డౌన్‌కు శీర్షిక తెలుసు, జాబితా తెలుసు, హెచ్చరిక అంటే తెలియదు. గోల్డ్‌ఫార్బ్ బృందం సాధించినదాన్ని కొంత వదులుకున్నట్టే.

భారతదేశంలో ఈ ఉద్యోగం సాఫ్ట్‌వేర్ ఎగుమతులతో పాటు పెరిగింది. హైదరాబాద్‌లో 1998లో మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం మొదలైంది. అంతకుముందే 1991లో బీవీఆర్ మోహన్‌రెడ్డి స్థాపించిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్, అంటే ఇప్పటి సైయెంట్, ఇంజనీరింగ్ సేవల దారి వేసింది. ఈ పనిలోకి ఇంగ్లీషు ఎమ్మేలు, జర్నలిస్టులు, ఇంజనీర్లు అందరూ వస్తారు. రాయడానికి పట్టే సమయం కన్నా, ఇంజనీర్ల వెంటపడి అడగడానికి, వస్తువును తామే వాడి చూడడానికి పట్టే సమయం ఎక్కువ. రాసేది దాదాపు అంతా ఇంగ్లీషులోనే. తెలుగులో కనిపించే మాన్యువళ్లలో ఎక్కువ భాగం దానికి అనువాదాలే, పైగా వాడేవారి చేతిలో పెట్టి చదివించి చూడని అనువాదాలు.

వృత్తి ఇలా విస్తరించినా, 1953 నాటి సంఘాల నుంచి ఏడు దశాబ్దాలు నడిచిన సొసైటీ ఫర్ టెక్నికల్ కమ్యూనికేషన్ ఆర్థిక ఇబ్బందులతో 2025 జనవరిలో మూతపడింది.