అరవై నాలుగు గళ్ళ లెక్క

చదరంగం బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండోదానిలో రెండు, మూడోదానిలో నాలుగు... రాజుగారి కొట్లు ఖాళీ అయిన ఆ కథ మనందరం విన్నదే. 64 గళ్ళూ కలిపితే వచ్చే సంఖ్య 18446744073709551615.

తెలుగులో ఈ సంఖ్యని ఒక పద్యంలో బిగించిపెట్టారు. అది పావులూరి మల్లనదని చెప్పుకుంటారు. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు చేసి, జైన ఉదాహరణల చోట శైవ ఉదాహరణలు పెట్టిన కవి ఆయన. రాజరాజ నరేంద్రుడి దగ్గర పిఠాపురం ప్రాంతంలో నవఖండవాడ అగ్రహారం పొందిన మల్లనా, ఆయన మనవడు మల్లనా అన్న తగువు పండితులకి వదిలేద్దాం. పద్యంలో అంకెలుండవు, మాటలుంటాయి. శరాలంటే 5, వేదాలంటే 4, కుంజరాలంటే 8, గగనమంటే సున్నా. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమవైపుకి రాసుకుంటూ పోవాలి. ఇరవై మాటలు, ఇరవై అంకెలు. మనవాడే ముందు కనిపెట్టాడని ఎగరక్కర్లేదు. అల్ బిరూనీ 1000 ప్రాంతంలోనే ఈ మొత్తం రాసిపెట్టాడు.

నేనీ లెక్క వేసుకున్నది అహ్లోన్‌లో, యాంగోన్‌కి పడమట ఏటి ఒడ్డున. కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్ళు మనవాళ్ళని కోరంగీలు అనేవారు. రంగం వచ్చి రేవుల్లో, మిల్లుల్లో బియ్యం బస్తాలు మోసిన జనం. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు బర్మా ఏటా దాదాపు 30 లక్షల టన్నుల బియ్యం ఎగుమతి చేసేది. ప్రపంచంలో అంత బియ్యం పంపిన దేశం ఇంకొకటి లేదు. గింజ బరువు 25 మిల్లీగ్రాములనుకుంటే చదరంగం బల్ల బాకీ 46 వేల కోట్ల టన్నులు. ఆ బస్తాలన్నీ ఓడలకెక్కించడానికి మనవాళ్ళకి లక్షన్నర ఏళ్ళు పట్టేది.

అసలు సొగసు సంఖ్య లోపల ఉంది. బల్లని సగానికి కొయ్యండి. రెండో సగంలో ప్రతి గడీ, మొదటి సగంలో తన జోడు గడికి 4294967296 రెట్లు. కాబట్టి మొత్తం అంటే మొదటి సగాన్ని 4294967297తో హెచ్చవేయడమే. ఆ మొదటి సగాన్నీ అలాగే కోస్తే 65537 ఊడివస్తుంది, తర్వాత 257, 17, 5, చివరికి రెండు గళ్ళలో మిగిలే 3. ఇంతవరకూ మల్లన చదివించిన కుర్రాడికైనా అందేదే. 4294967297 దగ్గరే అందరూ ఆగిపోయారు. ఈ వరసలోవన్నీ ప్రధాన సంఖ్యలేనని 1640లో ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641, 6700417గా విడగొట్టాడు. అంటే ఏడు ప్రధాన సంఖ్యలు, అన్నీ వేరువేరు. మొత్తం సంఖ్యకి 128 భాజకాలు.

దీనివల్ల ప్రయోజనమేమిటంటారా? 1942లో జపాన్ దాడికి లక్షలమంది భారతీయులు బర్మా విడిచారు, చాలామంది నడిచే. 1960లలో వ్యాపారాలు జాతీయం చేశాక మళ్ళీ ఓడలెక్కారు. ఉండిపోయిన ఇళ్ళలో చాలాచోట్ల తెలుగు నోట్లో ఉంది కాని కంటికి అక్షరం రాదు. అటువంటి చోట పద్యంలో ఒక మాట జారితే, ‘నగ’ బదులు ‘గగన’ అంటే, దిద్దేవాడెవడు? 17 దిద్దుతుంది. ఈ సంఖ్యలో ఏ ఒక్క అంకె మారినా, పక్కపక్కనున్న రెండు వేరు అంకెలు తారుమారైనా, 17తో భాగిస్తే శేషం మిగిలి తీరుతుంది. ఎందుకంటే వచ్చే తేడాలో 17 కారణాంకంగా ఇమడదు. అంకెలన్నీ కూడితే 87 వస్తుంది, కనుక 3 కూడా కాపలాదారే. కాని 9 బదులు 6 పడితే ఆ కాపలా నిద్రపోతుంది. 17 పోదు.

కాగితం తీసి వేసి చూడండి. పద్యం సరిగ్గా అప్పజెప్పి ఉంటే భాగఫలం 1085102592571150095 వస్తుంది, శేషం సున్నా.